చిన్నప్పుడు చూసిన దెయ్యం సినిమా ఎందుకు వదలదు? ఓ సౌండ్ ఎడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

పందొమ్మిదేళ్లుగా సినిమాలకు సౌండ్ ఎఫెక్ట్స్ కూర్చడం నా పని. ఆ మాట చెప్పగానే చాలామంది తాము చిన్నప్పుడు చూసి వణికిపోయిన ఒక సినిమా గురించి మొదలుపెడతారు. నాకు అది 'రాత్రి'. రామ్‌గోపాల్ వర్మ తెలుగులోనూ హిందీలోనూ కలిపి తీస్తే 1992లో వచ్చింది. హిందీలో పేరు 'రాత్'. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊళ్లో, అద్దెకు తెచ్చిన వీసీపీలో (వీడియో క్యాసెట్ ప్లేయర్), పిల్లలందరం చాప మీద ఒకరినొకరు పట్టుకుని చూశాం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఈ రోజుకీ దాని మీద ఇష్టం తగ్గలేదు. ఇలాంటి సినిమాల గురించి తరచూ వినే కొన్ని మాటల్లో నిజమెంతో నా పని అనుభవంతో రాస్తున్నాను.

అపోహ: భయపెట్టేది దెయ్యం రూపమే.

వాస్తవం: తెర మీద ఏం కనిపించిందో అడగండి, చాలామంది తడుముకుంటారు. ఏం వినిపించిందో అడిగితే గొంతుతో చేసి చూపిస్తారు. 'రాత్రి'లో చాలాసేపు మనం చూసేది మామూలు ఇల్లు, ఒక పిల్లి, రేవతి ముఖం. వాటిని చూస్తూ మనం బిగుసుకుపోయేలా చేసింది మణిశర్మ ఆర్‌ఆర్, అంటే రీరికార్డింగ్‌లో కూర్చిన నేపథ్య సంగీతం. ఆయన కెరీర్ మొదట్లో చేసిన పని అది.

చెవికి ఇంత బలం ఎందుకో అమెరికాలో డేనియల్ బ్లూమ్‌స్టైన్ అనే జీవశాస్త్రవేత్త పని చూశాక నాకు బాగా అర్థమైంది. ఆయన మార్మట్ అనే కొండ ఉడుతల మీద పరిశోధన చేస్తాడు. వాటి పిల్లలను పట్టుకున్నప్పుడు ఒక్కోసారి అవి పెట్టే అరుపు సాఫీగా ఉండదు. పగులుతుంది, బొంగురుపోతుంది. గొంతు తట్టుకోలేనంత గట్టిగా అరిస్తే ఏ ప్రాణికైనా అంతే. ఆయన బృందం 102 సినిమాల సౌండ్‌ట్రాక్‌లు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించింది. హారర్ సినిమాల్లో ఇలా పగిలిన ఆడగొంతు కేకలు అనుకున్నదానికంటే ఎక్కువగా ఉన్నాయి. మేం ఎవరి దగ్గరా చదువుకోకుండానే ఇదే చేస్తుంటాం. తలుపు కిర్రుమనే చప్పుడు కింద నేను పందిపిల్ల అరుపును చాలా పలచగా కలుపుతాను. విన్నవాళ్లకు తలుపే వినిపిస్తుంది, ఒళ్లు మాత్రం జలదరిస్తుంది.

అపోహ: నిశ్శబ్దం అంటే సౌండ్ తీసేయడం.

వాస్తవం: నిజంగానే ట్రాక్ మొత్తం తీసేస్తే థియేటర్లో స్పీకర్ పోయిందనుకుంటారు. ఖాళీ గదికీ ఒక ఊపిరి ఉంటుంది. దాన్ని రూమ్ టోన్ అంటాం, ప్రతి లొకేషన్‌లో విడిగా రికార్డు చేస్తాం. నిశ్శబ్దం కావాలంటే ముందు ఫ్యాన్, కీచురాళ్లు, దూరంగా ఓ కుక్క, ఇవన్నీ పేర్చి, తర్వాత ఒక్కొక్కటే తీయాలి. ఆఖరున కీచురాళ్లు ఆగుతాయి. పల్లెలో పెరిగినవాళ్లకు ఆ ఆగడమేంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరో వస్తున్నారు! 1963లో వచ్చిన హిచ్‌కాక్ 'ది బర్డ్స్'లో మామూలు నేపథ్య సంగీతమే లేదు. ట్రాటోనియం అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం మీద పుట్టించిన పక్షుల రొదే దాని సంగీతం.

అపోహ: చెవికి వినపడని 19 హెర్ట్జ్ (సెకనుకు 19 కంపనాల) శబ్దం కలిపితే పక్కన దెయ్యం నిలబడినట్టే ఉంటుంది.

వాస్తవం: కొత్త దర్శకులు దీన్ని ఎక్కువగా అడుగుతుంటారు. కథ ఎక్కడిదంటే, ఇంగ్లండ్‌లో విక్ టాండీ అనే ఇంజినీర్‌కు తను పనిచేసే ల్యాబ్‌లో కంటి చివర ఏదో బూడిదరంగు ఆకారం కదిలినట్టు అనిపించింది. అక్కడి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దాదాపు 19 హెర్ట్జ్ కంపనం పుట్టిస్తోందని కనిపెట్టి 1998లో పత్రం రాశాడు. ఆసక్తికరమే, కానీ ఒక గదిలో జరిగినదాన్ని పట్టుకుని సూత్రం చేయలేం. మేం 'రాత్రి' చూసిన టీవీ స్పీకర్ అరచేయంత ఉంటుంది. అంత లోతైన శబ్దం దాని వల్ల కాదు. అయినా ఆ రాత్రి మాలో ఒక్కరూ పెరట్లోకి వెళ్లలేదు.

అపోహ: చిన్నప్పుడు చూసిన సీన్ ఉన్నదున్నట్టు గుర్తుంటుంది.

వాస్తవం: నా జ్ఞాపకంలో ఆ పిల్లి కూర్చున్న చోటు మా అమ్మమ్మ ఇంట్లో ధాన్యం గాదె పక్కన. సినిమాలో ఆ గాదె ఎందుకుంటుంది? ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1932 నాటి తన పుస్తకంలో ఇలాంటిదే రాశాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల దెయ్యాల కథ ఒకటి చదివించి, కొంతకాలానికి మళ్లీ చెప్పమంటే, చాలామంది తమకు అలవాటైన వస్తువులతో కథను మార్చేశారు. వింత వివరాలు రాలిపోయాయి. మనలో ఉండిపోయిన సినిమాలో సగం దర్శకుడు తీసింది, సగం మన ఇల్లు.

అపోహ: మళ్లీ చూస్తే మాయ పోతుంది.

వాస్తవం: నాకు పోలేదు. ఇప్పుడు ప్రతి అడుగు చప్పుడూ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుసు, అయినా పిల్లి వచ్చే ముందు చేయి వాల్యూమ్ మీదకు పోతుంది.

అపోహ: పెద్దయ్యాక కూడా భయం మిగిలితే మనసులో లోపం ఉన్నట్టు.

వాస్తవం: 1999లో హారిసన్, క్యాంటర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థులను అడిగితే 90 శాతం మంది చిన్నతనంలోనో టీనేజీలోనో సినిమా, టీవీ చూసి బాగా భయపడ్డామన్నారు. దాదాపు 26 శాతం మందిలో ఆ బెరుకు ఇంకా కొంత ఉంది. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టర్ని కలవాలి.

అపోహ: "అదంతా ఉత్తిదే" అని చెబితే పిల్లలు ఊరుకుంటారు.

వాస్తవం: స్కూలుకు ఇంకా వెళ్లని వయసులో ఆ మాట పెద్దగా పనిచేయదు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, దుప్పటి, తినడానికి ఏదైనా ఇవ్వడం బాగా పనిచేస్తాయి. ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లకు అది ఎలా తీశారో చెప్పి చూడండి. ఆ రోజు మా చెల్లి ఏడుపు ఆపకపోతే మామయ్య టీవీ కట్టేయలేదు. సౌండ్ పూర్తిగా తగ్గించాడు. బొమ్మ అలాగే నడుస్తోంది. చెల్లి కాసేపు చూసి, కళ్లు తుడుచుకుని, "మామయ్యా, ఈ పిల్లికి పేరేంటి?" అంది.