మూడు సెల్స్ లైటుకి ఏ ట్రాన్సిస్టర్ వేయాలి?

మూడు ఏఏ ఆల్కలైన్ సెల్స్, ఒక తెల్ల ఎల్‌ఈడీ, వెలిగించి ఆర్పడానికి ఒక చిన్న మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం రాసి నడిపే చిప్). దాని పిన్ ఏ 20 మిల్లీఆంపులో ఇస్తుంది, మన ఎల్‌ఈడీకి 150 కావాలి. అందుకే మధ్యలో స్విచ్‌లా ఒక ట్రాన్సిస్టర్. అందరూ ముందు చూసేది అది ఎన్ని ఆంపులు మోస్తుందన్నది. ఇంత చిన్న లైటులో అది అసలు సమస్యే కాదు. అది ఎంత వోల్టేజీ తినేస్తుందన్నదే చూడాలి.

కొత్త సెల్స్ మూడూ కలిస్తే 4.5 వోల్టులు. ఎల్‌ఈడీకి సుమారు 3 పోతే 1.5 మిగులుతుంది, దానికి 10 ఓముల రెసిస్టర్ పెడితే 150 మిల్లీఆంపులు. ట్రాన్సిస్టర్ 0.2 వోల్టులు తిన్నా 130 వస్తాయి, కంటికి తేడా తెలియదు. కొన్నాళ్లకు ఒక్కో సెల్ 1.2 వోల్టులకు దిగుతుంది. అప్పుడు మొత్తం 3.6, ఎల్‌ఈడీ పోగా మిగిలేది 0.6 మాత్రమే. ఏమీ తినని స్విచ్ అయితే 60 మిల్లీఆంపులు, 0.2 తినేదైతే 40. మూడో వంతు వెలుగు పోయినట్టే. టిప్120 లాంటి డార్లింగ్టన్ (లోపల రెండు ట్రాన్సిస్టర్లు జతచేసిన) ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ అయినా 0.7 వోల్టుల కిందికి దిగదు. సెల్స్‌లో సత్తువ ఉండగానే లైటు కొడిగడుతుంది. కరెంటు తగ్గితే ఎల్‌ఈడీ వోల్టేజీ కూడా కాస్త దిగుతుంది కాబట్టి నిజంగా కొలిస్తే అంకెలు కొంత మారతాయి, వరస మాత్రం ఇదే.

మామూలు 2ఎన్2222ఎ వాడితే? 150 మిల్లీఆంపుల దగ్గర బేస్‌కి (దాన్ని ఆన్ చేసే కాలుకి) 15 ఇస్తే 0.3 వోల్టులకు మించి తినదని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) హామీ. ఆ 15 మిల్లీఆంపులు వెలుగుగా మారవు, ఊరికే పోతాయి. పైగా మైక్రోకంట్రోలర్ పిన్ మీద అదంతా భారమే. బీసీ547 పరిమితి 100 మిల్లీఆంపులే, ఈ పనికి రాదు. 20 మిల్లీఆంపుల చిన్న ఎల్‌ఈడీకైతే అది భేషుగ్గా సరిపోతుంది.

ఇక మాస్‌ఫెట్, వోల్టేజీతో ఆన్ అయ్యే రకం ట్రాన్సిస్టర్. కరెంటు డ్రెయిన్, సోర్స్ అన్న రెండు కాళ్ల మధ్య పోతుంది, గేట్ అన్న మూడో కాలు దాన్ని ఆన్ చేస్తుంది. గేట్‌కి నిలకడగా కరెంటు అక్కర్లేదు, వోల్టేజీ చాలు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ అనే మాస్‌ఫెట్ డేటాషీట్‌లో థ్రెషోల్డ్ (ఆన్ కావడం మొదలయ్యే గేట్ వోల్టేజీ) 2 నుంచి 4 వోల్టులు అని ఉంటుంది. ‘మన దగ్గర 4.5 ఉందిగా’ అనిపిస్తుంది. కానీ ఆ థ్రెషోల్డ్ కొలిచేది 250 మైక్రోఆంపుల దగ్గర. అంటే మాస్‌ఫెట్ అప్పుడే కళ్లు తెరుస్తోందన్నమాట. ఘనంగా రాసుకున్న 17.5 మిల్లీఓముల ఆన్ రెసిస్టెన్స్ (ఆన్ అయ్యాక కూడా కరెంటుకి మిగిలే అడ్డు) గేట్‌కి 10 వోల్టులు ఇచ్చినప్పటి లెక్క. మన సెల్స్ 3.6కి దిగాక ఒక ముక్కతో లైటు వెలుగుతుంది, అదే నంబరున్న ఇంకో ముక్కతో వెలగదు. చలిలో థ్రెషోల్డ్ పెరుగుతుంది, సెల్స్ వోల్టేజీ తగ్గుతుంది, రెండూ ఒకేసారి దెబ్బ కొడతాయి.

కాబట్టి థ్రెషోల్డ్ గడిని వదిలేసి, ఆన్ రెసిస్టెన్స్‌ని ఏ గేట్ వోల్టేజీ దగ్గర రాశారో చూడండి. మన బ్యాటరీ అట్టడుగుకు దిగినప్పటి వోల్టేజీ కన్నా తక్కువ దగ్గర ఒక అంకె ఉండి తీరాలి. ఏఓ3400 అనే మాస్‌ఫెట్‌కి 2.5 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 50 మిల్లీఓములకు అటూ ఇటూగా ఉంటుంది. 150 మిల్లీఆంపులకు అది తినేది 8 మిల్లీవోల్టుల లోపే. ‘లాజిక్ లెవెల్’ (తక్కువ గేట్ వోల్టేజీకే ఆన్ అవుతుందని) అన్న పేరుని మాత్రం నమ్మొద్దు. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ ఆ కోవలోదే, కానీ దాని డేటాషీట్‌లో ఆన్ రెసిస్టెన్స్ రాసిన గేట్ వోల్టేజీల్లో అన్నిటికన్నా తక్కువది 4.

బిగించేటప్పుడు సోర్స్ బ్యాటరీ నెగటివ్‌కి, డ్రెయిన్ ఎల్‌ఈడీ వైపుకి. ఎల్‌ఈడీని సోర్స్ కింద పెడితే లైటు వెలగబోయేసరికి సోర్స్ వోల్టేజీ పైకి లేస్తుంది. గేట్‌కీ సోర్స్‌కీ మధ్య తేడా కుంచించుకుపోయి మాస్‌ఫెట్ సగంలోనే ఆగిపోతుంది. డ్రెయిన్, సోర్స్ తారుమారైతే గేట్‌ని ఏం చేసినా లైటు ఆరదు, లోపలి బాడీ డయోడ్ (కరెంటుని ఒక వైపుకే పోనిచ్చే భాగం) గుండా కరెంటు పోతూనే ఉంటుంది. గేట్ నుంచి సోర్స్‌కి 100 కిలోఓముల రెసిస్టర్ తప్పనిసరి. అది లేకపోతే మైక్రోకంట్రోలర్ మేలుకునే లోపు గేట్ గాల్లో తేలుతూ ఉంటుంది, వేలు దగ్గరకు తెస్తేనే లైటు మిణుకుమంటుంది.

పని అయ్యాక లైటు వెలుగుతుండగా మల్టీమీటర్‌ని డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య పెట్టండి. ఏఓ3400 అయితే 20 మిల్లీవోల్టులు దాటకూడదు. 100 పైన చూపిస్తే ముందు గేట్, సోర్స్ మధ్య వోల్టేజీ కొలవండి. అది బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగానే ఉంటే ఆ ముక్క నకిలీదో, వేరే నంబరుదో. ఈ పరీక్ష కొత్త సెల్స్‌తో చేసి ఊరుకోవద్దు, ఒక్కోటి 1.1 వోల్టులకు దిగిన పాత సెల్స్ పెట్టి మళ్లీ చేయండి.