కాయిల్‌ని తప్పుపట్టే ముందు

జువ్వలదిన్నె వైపైనా, కొత్తపట్నం వైపైనా, ఫైబర్ బోటుకి బిగించిన చిన్న ఔట్‌బోర్డ్ ఇంజిన్ బ్యాటరీని చార్జ్ చేయడం మానేస్తే తరచుగా వినబడే తీర్పు ఒకటే: “కాయిల్ పోయిందన్నా, మార్చాల్సిందే.” కాయిల్ అంటే ఇంజిన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్ట. దాన్ని మార్చాలంటే ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, ఊడదీయాలి, దానికి పుల్లర్ అనే లాగే పనిముట్టు కావాలి, కొత్త కాయిల్ ఖరీదూ తక్కువేం కాదు. ఇంతా చేసి వేటకు వెళ్లాక లైట్లు మళ్లీ మసకబారితే పెట్టిన డబ్బంతా వృథా. నిజానికి చార్జింగ్ దారిలో గట్టిగా నిలబడేది కాయిలే. దాని తర్వాత వచ్చే అతుకులే బలహీనం. అందుకే వెతుకులాట బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి.

ఆ దారి ఇలా ఉంటుంది. ఫ్లైవీల్ లోపలి అంచున శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. వాటి మధ్య, ఇనుప దిమ్మెల మీద చుట్టిన రాగి తీగ కదలకుండా బిగించి ఉంటుంది, అదే కాయిల్. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. ఎంత జోరుగా కదిలితే అంత వోల్టేజి. అయితే పుట్టేది ఏసీ (దిశ మారుతూ పారే కరెంటు), బ్యాటరీకి కావాల్సింది డీసీ (ఒకే దిశలో పారేది). ఆ మార్పు చేసేది రెక్టిఫైయర్. వోల్టేజి హద్దు దాటకుండా చూసే రెగ్యులేటర్ చాలా ఇంజిన్లలో దానితో కలిసే వస్తుంది, కొన్ని చిన్నవాటిలో అసలు ఉండదు. అక్కడి నుంచి ఫ్యూజు, వైర్లు, బ్యాటరీ. చాలా మోడళ్లలో స్పార్క్‌కి వేరే కాయిల్ ఉంటుంది కాబట్టి, చార్జింగ్ పూర్తిగా ఆగిపోయినా ఇంజిన్ మామూలుగానే ఆడుతుంది. బ్యాటరీ దిగిపోయేదాకా సంగతి బయటపడదు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, నిండుగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ కాలు, అంటే కింది భాగం, నీళ్లలో ఉండేలా చూసి (నీళ్లు లేకుండా నడిపితే నీటి పంపులో తిరిగే రెక్కల చక్రం, ఇంపెల్లర్, కాలిపోతుంది) స్టార్ట్ చేసి, వేగం పెంచండి. అంకె 13.8కీ 14.5కీ మధ్యకు చేరిందంటే చార్జింగ్ బాగానే ఉంది.

అలా చేరినా రాత్రికి బ్యాటరీ దిగిపోతోందా? అప్పుడు తప్పు ఇంజిన్‌ది కాదు, లెక్కది. చిన్న ఇంజిన్లలో చాలావాటి చార్జింగ్ పూర్తి వేగం మీద 6 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. ఐడిల్‌లో, అంటే ఇంజిన్ నెమ్మదిగా ఊరికే ఆడుతున్నప్పుడు, అందులో చిన్న భాగమే వస్తుంది. 55 వాట్ల పాత హాలోజన్ బల్బు ఒక్కటే దాదాపు 4.6 ఆంపియర్లు లాగేస్తుంది. వల వేసి, ఇంజిన్ ఆపి, లైట్లూ జీపీఎస్సూ వేసుకుని గంటలకొద్దీ కూర్చుంటే వచ్చేది సున్నా, పోయేది మాత్రం నిలకడగా పోతూనే ఉంటుంది. 10 వాట్ల ఎల్‌ఈడీకి మారితే ఆ ఖర్చు ఒక ఆంపియర్ లోపుకి దిగుతుంది. కొత్త కాయిల్ కంటే ఇది చాలా చవక.

వేగం పెంచినా అంకె 12.6 దగ్గరే ఉండిపోతే మొదట ఫ్యూజు చూడండి, తర్వాత అతుకులు. ఉప్పుగాలి చేసే పని ఇక్కడే కనిపిస్తుంది. టెర్మినల్ చుట్టూ పచ్చటి చిలుము పడితే ఎవరికైనా కనబడుతుంది. అసలు చిక్కు లోపల దాక్కునేదానితో. పైన ఎర్ర తొడుగు కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది. వైరు చివర టెర్మినల్‌కి బిగించే రింగు దగ్గర దాన్ని కాస్త కోసి చూస్తే రాగి పోచలు నల్లబడి, గోటితో గీకినా మెరుపు రాదు, మెలితిప్పితే పుటుక్కున తెగుతాయి. ఉప్పు తేమ పోచల సందుల్లోంచి పైకి పాకి వైరుని లోపలి నుంచే తినేస్తుంది. ఇలాంటి అతుకులో పదో వంతు ఓమ్ నిరోధం చేరినా చాలు, 6 ఆంపియర్లు పారేటప్పుడు 0.6 వోల్టులు అక్కడే పోతాయి. కంటితో చూసి సరిపెట్టుకోకుండా కొలవాలి: ఇంజిన్ వేగంగా నడుస్తుండగా మీటర్ వైర్ల చివర ఉండే ముళ్లలో ఒకటి బ్యాటరీ ప్లస్ మీద, రెండోది రెక్టిఫైయర్ నుంచి వచ్చే ఎర్ర వైరు మొదట్లో పెట్టండి. పావు వోల్టు దాటి చూపిస్తే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ఎర్త్ వైరుకీ ఇదే పరీక్ష. చెడిన మేర కత్తిరించి, టిన్ పూత ఉన్న కొత్త వైరు వేసి, బిగించాక గ్రీజు పూయండి.

అతుకులన్నీ బాగుంటేనే రెక్టిఫైయర్ వైపు చూడాలి. దాని లోపల ఉండేవి కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లు. మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెడితే మంచి డయోడ్ ఒకవైపు 0.4 నుంచి 0.7 చూపిస్తుంది, ముళ్లు తిప్పి పెడితే ఏమీ చూపించదు. రెండువైపులా సున్నా వచ్చినా, రెండువైపులా ఏమీ రాకపోయినా అది పోయినట్టే. చీకట్లో, తొందరలో బ్యాటరీ వైర్లు తిరగేసి కలిపితే క్షణంలో పోయేది ఇదే.

చివరికి కాయిల్. దాని వైర్లు రెక్టిఫైయర్ నుంచి విప్పి, మీటర్‌ని ఏసీలో పెడితే వేగంతో పాటు వోల్టేజి పెరుగుతూ పోవాలి. ఎంత రావాలో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. జాగ్రత్త, స్పార్క్ కాయిల్ వైర్లలో వందల వోల్టులు ఉంటాయి. ఏ రంగు వైరు దేనిదో తేల్చుకున్నాకే ముల్లు పెట్టాలి. ఇక్కడా ఏమీ రాకపోతే అప్పుడు ఫ్లైవీల్ విప్పండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఈ 61 రోజులూ మన ఎండల్లో సగం చార్జ్‌తో పడి ఉన్న బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయితే బ్యాటరీ 10.5 వోల్టుల దగ్గరే కూర్చుంటుంది, ఇంజిన్ ఎంత ఇచ్చినా సరైన అంకెకు ఎక్కదు. చూసేవాళ్లకి అచ్చం కాయిల్ పోయినట్టే ఉంటుంది. కాబట్టి నిషేధం తర్వాత మొదటిసారి చార్జింగ్ రాలేదంటే, ఏదీ విప్పకముందే పక్క బోటు నుంచి మంచి బ్యాటరీ అడిగి తెచ్చి, ఇంజిన్ ఆపి ఉండగా దాన్ని మార్చి పెట్టి కొలవండి. నడుస్తున్న ఇంజిన్‌కి మాత్రం బ్యాటరీ వైరు ఊడదీయకండి, వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి లైట్లూ జీపీఎస్సూ కాలిపోతాయి.