చెయ్యేరు బాధితుల ఇళ్ళు: ముప్పై రోజుల గడువు తర్వాత ఏం జరిగింది?

రాజంపేట మండలంలో చెయ్యేరు ఒడ్డున ఉన్న పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామాల వరద బాధితుల ఇళ్ళ వ్యవహారం మళ్ళీ రచ్చకెక్కింది. స్థలాలిచ్చి, ఇళ్ళు మంజూరు చేసి వెళ్ళామని అప్పటి పాలకులు అంటుంటే, మంజూరు కాగితాలే తప్ప గోడలు లేవని ఇప్పటివారు అంటున్నారు. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి పూజల వేళ, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఊళ్ళ మీద పడిన సంగతి కడప జిల్లాలో తెలియనివారు లేరు కనుక, ఆ ఉదయాన్ని ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. నేటి తగవుకు మూలం ఆ ఉదయంలో కన్నా, ఆ తర్వాతి వారాల్లో తీసుకున్న నిర్ణయాల్లో ఎక్కువగా ఉంది.

ఇల్లు పూర్తిగా పోయిన కుటుంబానికి అప్పుడు ప్రకటించిన సాయం రెండు ముక్కలు. ఒకటి రూ.95,100 పరిహారం, రెండవది కొత్త ఇంటికి రూ.1.80 లక్షల మంజూరు. మొదటి అంకె ఎవరో లెక్కగట్టి తేల్చిన నష్టం కాదు. మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు కూలితే రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి ఎంత ఇవ్వవచ్చో కేంద్రం 2015లో నిర్ణయించిన మొత్తమే అది. రెండవది అప్పట్లో రాష్ట్రమంతటా పేదల ఇళ్ళకు అమలైన పథకం రేటు. అంటే, ఒక జలాశయం తెగి ఊళ్ళు కొట్టుకుపోతే దానికంటూ ప్రత్యేకమైన లెక్క ఏదీ తయారు కాలేదు. వానకు గోడ కూలిన ఇంటికీ, కట్ట తెగి ఆనవాలు లేకుండా పోయిన ఇంటికీ ఒకే పట్టిక వర్తించింది.

ఊహించనంత వరద వచ్చిందని, స్పిల్‌వే (మిగులు నీరు వదిలే దారి) సామర్థ్యానికి మించి నీరు చేరిందని ప్రభుత్వం చెప్పింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదన్న విషయం పార్లమెంటు దాకా వెళ్ళింది, నాటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలోనే దాన్ని ప్రస్తావించారు. ఏట్లోని ఇసుక లారీల కోసం గేట్లు ఎత్తడంలో జాప్యం చేశారని ప్రతిపక్షం ఆరోపించింది, ప్రభుత్వం ఖండించింది. ఇందులో ఎవరి మాట నిలిచినా, బాధితుల చేతికి వచ్చే మొత్తం మారలేదు. ప్రకృతి విపత్తు పద్దులో పడిన తర్వాత, తప్పెవరిదన్న ప్రశ్నకు ఆ పద్దులో చోటుండదు.

ఆ పద్దుకు సంబంధించిన నిబంధనల్లోనే అసలు చిక్కు ఉంది. సహాయ శిబిరాల్లో తాత్కాలిక వసతికి, తిండికి, బట్టలకు, వైద్యానికి అవి సాధారణంగా అనుమతించే గడువు 30 రోజులు. రాష్ట్ర స్థాయి కార్యనిర్వాహక సంఘం అవసరాన్ని బట్టి దాన్ని పెంచవచ్చు. ఈ గడువు ఒక రకమైన వరదను దృష్టిలో పెట్టుకుని రాసినట్టు కనిపిస్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు నీరు దిగాక, బురద ఎత్తిపోసుకున్నాక, నగరంలో చాలామందికి తిరిగి వెళ్ళడానికి తమ ఇల్లంటూ ఒకటి మిగిలింది. చెయ్యేరు ఊళ్ళలో చాలామందికి అలా జరగలేదు. గోడలతో పాటు ఇంటి జాగాల మీద ఇసుక మేట వేసింది. తిరిగి వెళ్ళడానికి స్థలమే లేని మనిషికి ముప్పై రోజుల శిబిరం తర్వాత, ఇల్లు పూర్తయ్యేదాకా అద్దెకో, తాత్కాలిక గదికో డబ్బిచ్చే పద్దు ఆ నిబంధనల్లో లేదు. ఆ ఖాళీలోనే జనం గుడారాల్లో, బంధువుల వసారాల్లో, దాతలు వేసిన రేకుల కింద కాలం వెళ్ళదీశారు. ఒక కార్తీకం పోయి మరో కార్తీకం వచ్చినా గుడారాలు కనిపించడం గురించి అప్పట్లో వచ్చిన వార్తలన్నిటికీ మూలం ఇదే.

2021 డిసెంబరులో ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి ఆ గ్రామాలకు వచ్చినప్పుడు ఐదు సెంట్ల స్థలం హామీ దక్కింది. పల్లెల్లో మామూలు లబ్ధిదారుకు అప్పుడు ఇస్తున్నది సెంటున్నరే కనుక ఇది ఉదారమైన హామీ అని ఒప్పుకోవాలి. కానీ స్థలం ఎంత పెద్దదైనా, ఇల్లు కట్టే పద్ధతి మాత్రం మామూలు పథకానిదే. ముందు లబ్ధిదారు తన డబ్బుతో పునాది వేయాలి. గ్రామ సచివాలయం ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చి ఫోనులో జియోట్యాగ్ ఫొటో (తీసిన చోటు కూడా నమోదయ్యే ఫొటో) తీసుకుని అప్‌లోడ్ చేస్తే బేస్‌మెంట్ బిల్లు పడుతుంది. తర్వాత పైకప్పు స్థాయికి ఒకటి, స్లాబుకు ఒకటి, పూర్తయ్యాక మిగిలినది. చేతిలో కొంత నగదు, లేదా అప్పిచ్చే మనిషి ఉన్నవాడికే ఈ పద్ధతి నడుస్తుంది. పశువులు, గింజలు, బీరువాలోని బంగారం నీటిపాలైన ఇంటివాడిని మొదటి పెట్టుబడి నువ్వే పెట్టుకొమ్మంటే అతడు వడ్డీకి వెళ్ళక తప్పదు. పరిహారంగా వచ్చిన రూ.95,100 చాలా ఇళ్ళలో తిండికీ, పాత అప్పులకీ కరిగిపోయిందంటే అందులో ఆశ్చర్యమేముంది? పథకం కింద అప్పట్లో 20 టన్నుల ఇసుక ఉచితమే. పాత జాగాలో మోకాలి లోతు ఇసుక పెట్టుకుని కొత్త జాగాకు ఇసుక కూపను కోసం సచివాలయానికి వెళ్ళవలసి రావడం విడ్డూరమే.

ఈలోగా 2022 ఏప్రిల్ 4న రాజంపేటను కలుపుకుని, రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా ఏర్పడింది. రాజంపేటను జిల్లా కేంద్రం చేయాలన్న ఆందోళన వార్తల్లో నిలిచినంతగా, కడప కలెక్టరేట్ నుంచి కదిలిన బాధితుల ఫైళ్ళు నిలవలేదు.

సాయానికి ఎవరిని లెక్కించాలన్నది మరో తగవు. విపత్తు నిధి సాయం ఇంటికి ఇస్తారు, పొయ్యికి కాదు. ఒకే డోరు నంబరు కింద ముగ్గురు కొడుకులు మూడు పొయ్యిలు పెట్టుకుని ఉన్నా నష్టపోయింది ఒక ఇల్లుగానే నమోదవుతుంది. కూలిన ఇల్లు అధీకృత నిర్మాణమని అధికారి ధ్రువీకరించాలన్న షరతు కూడా ఉంది కనుక, ఏటి పోరంబోకులో గుడిసె వేసుకున్నవాడి పేరు జాబితాకు ఎక్కడమే కష్టం. నిధి దుర్వినియోగం కాకుండా ఇవి అవసరమని రెవెన్యూవారు చెబుతారు.

కేంద్ర నిబంధన దాటి సాయం ఇవ్వడం రాష్ట్రానికి సాధ్యం కాదన్న వాదన 2024 సెప్టెంబరులో పలచబడింది. విజయవాడను బుడమేరు వాగు ముంచినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కింది అంతస్తులో మునిగిన ఇంటికి రూ.25,000, పై అంతస్తుల వారికి రూ.10,000 ఇచ్చింది. అప్పటి కేంద్ర నిబంధనల ప్రకారం బట్టలకు, పాత్రలకు కలిపి రూ.5,000కు మించి రాదు. రాష్ట్రం తన ఖజానా నుంచి కలుపుకోగలదని అప్పుడు రుజువైంది. 2025 మార్చిలో పూర్తికాని ఇళ్ళకు ప్రకటించిన అదనపు సాయం ఎస్సీ, బీసీలకు రూ.50,000, ఎస్టీలకు రూ.75,000. అందులోనూ కట్ట తెగి ఇల్లు పోయినవారికి విడిగా లెక్క లేదు, వారూ సామాజిక వర్గాన్ని బట్టే లెక్కకు వస్తారు.

పక్కా ఇంటి పరిహారాన్ని రూ.1.20 లక్షలకు పెంచిన కేంద్ర నిబంధనల కాలపరిమితి 2022-23 నుంచి 2025-26 వరకు. తర్వాతి ఐదేళ్ళ నిబంధనల్లో శిబిరం మూసేసిన రోజుకూ, స్లాబు వేసిన రోజుకూ మధ్య అద్దె ఎవరు కట్టాలో రాయించుకోవడం రాష్ట్రం చేతిలో ఉన్న పని. రాజంపేటలో ఇప్పుడు ఒకరినొకరు నిలదీసుకుంటున్న రెండు పక్షాలూ ఈ విషయం ఎత్తడం లేదు.