కాన్‌స్ట్: మారదు సరే, విలువ ఎప్పుడు తెలుస్తుంది?

పగలంతా సీ ప్లస్ ప్లస్‌లో పని, సాయంత్రం విజయనగరంలో ఇంజినీరింగ్ పిల్లలకి అదే భాష చెప్పడం. కొన్నేళ్లుగా ఇదే నా దినచర్య. ఏ బ్యాచ్ వచ్చినా, వేరియబుల్ విలువ మారకూడదని చెప్పే కాన్‌స్ట్ అనే మాట దగ్గర అవే అపోహలు. అవి పిల్లలతో ఆగవు, ఉద్యోగాల్లోకీ వెళ్తాయి. అందుకే రాస్తున్నాను.

అపోహ: కాన్‌స్ట్ అని రాస్తే ఆ విలువ కంపైలర్‌కి (మన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాంకి) ముందే తెలిసిపోతుంది.

మన పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూడండి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. పంచాంగం ఉంటే తేదీ ముందే చెప్పేయొచ్చు. మరి సిరిమానుకి ఏ చింతచెట్టు? అమ్మవారు పూజారి కలలో కనిపించి చెప్తేనే తెలుస్తుందని మన నమ్మకం. చెప్పేదాకా ఎవరికీ తెలీదు, చెప్పాక ఇక మారదు. తేదీ స్థిరమే, చెట్టూ స్థిరమే, తెలిసే వేళలే వేరు.

కాన్‌స్ట్ ఇంట్ ఎన్ = 10 అని రాస్తే తేదీ లాంటిది. అదే ఎన్‌కి ఫైల్ నుంచి చదివిన అంకె ఇస్తే చెట్టు లాంటిది. భాష రెండింటినీ ఒప్పుకుంటుంది. కాన్‌స్ట్ మాటకి అర్థం ఒక్కటే: మొదటిసారి విలువ పెట్టాక ఈ పేరుతో మళ్లీ రాయను. విలువ ఏ వేళకి తెలియాలో అది చెప్పదు.

క్లాసులో దీన్ని జీసీసీ అనే కంపైలర్ ఇచ్చే అసెంబ్లీలోనే, అంటే ప్రాసెసర్‌కి ఇచ్చే ఆదేశాల జాబితాలోనే చూపిస్తాను. ఎన్‌ని ఎన్‌తో గుణించి తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ రాసి, కోడ్ వేగంగా నడిచేలా చేసే ఆప్టిమైజేషన్ ఓ2 పెట్టి కంపైల్ చేయండి. ఎన్ 10 అయితే గుణకారమే కనిపించదు, 100 అనే అంకె నేరుగా ప్రాసెసర్ లోపలి రిజిస్టర్‌లోకి వెళ్లిపోతుంది. ఎన్‌ విలువ వేరే ఫైల్లో ఉన్న ఫంక్షన్ ఇస్తే ముందు ఆ ఫంక్షన్‌కి కాల్, తర్వాత ఐమల్ అనే గుణకారం, రెండూ ఉంటాయి.

ఇప్పుడు కాన్‌స్ట్ తీసేసి మళ్లీ చూడండి. రెండు చోట్లా అదే అసెంబ్లీ! ఫంక్షన్ లోపలి వేరియబుల్‌ని ఎవరూ మార్చడం లేదని కంపైలర్ తనంతట తానే కనిపెట్టగలదు. కాబట్టి స్పీడు కోసం ప్రతి లోకల్ ముందూ కాన్‌స్ట్ తగిలించడం వృథా. చదివేవాడికి స్పష్టత కోసం పెట్టండి, అది చాలా మంచి కారణం.

అపోహ: పాయింటర్‌తో మార్చేస్తే కాన్‌స్ట్ కూడా మారుతుంది, నేనే చూశాను.

ఏటా ఒక్కరైనా ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి చూపిస్తారు. ఎన్ అడ్రస్‌ని క్యాస్ట్ చేసి (కాన్‌స్ట్ కాని రకంగా మార్చి), ఆ అడ్రస్‌ని దాచుకునే పాయింటర్ ద్వారా 20 రాశారు. ఎన్ 10 అయినప్పుడు ప్రింట్ చేస్తే ఎన్ 10 అనీ, పాయింటర్ 20 అనీ వస్తుంది. ఒకే అడ్రస్, రెండు విలువలు! కారణం, ప్రింట్ లైన్‌లో ఎన్ ఉన్నచోట కంపైలర్ 10 అనే అంకెనే పెట్టేసింది, మెమరీ వైపు చూడనేలేదు. ఎన్‌ని కీబోర్డు నుంచి తీసుకున్న ప్రోగ్రాంలో మాత్రం చాలాసార్లు రెండూ 20 అనే వస్తాయి. అది చూసి "రన్‌టైమ్ (ప్రోగ్రాం నడిచేటప్పుడు విలువ వచ్చే) కాన్‌స్ట్‌ని మార్చుకోవచ్చు సార్" అంటారు. లేదమ్మా. రెండు ప్రోగ్రాంలూ తప్పే. కాన్‌స్ట్‌గా పుట్టిన వస్తువుని మార్చడం భాష దృష్టిలో అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరుగుతుందో భాష ఏ హామీ ఇవ్వదు. ఈరోజు 20 వచ్చిందని, రేపు కంపైలర్ వెర్షన్ మారాక కూడా 20 వస్తుందన్న భరోసా లేదు.

అపోహ: కాన్‌స్ట్ గ్లోబల్స్ (ఫంక్షన్ల బయట రాసిన వేరియబుల్స్) అన్నీ రీడ్-ఓన్లీ మెమరీలోనే ఉంటాయి.

10 పెట్టిన గ్లోబల్‌కి మెమరీలో చోటు కావాల్సి వస్తే లినక్స్‌లో అది సాధారణంగా రోడేటా అనే రీడ్-ఓన్లీ భాగంలో కూర్చుంటుంది, దానిలో రాయబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. రన్‌టైమ్‌లో విలువ వచ్చేదాన్ని అక్కడ పెట్టడం కుదరదు, ఒక్కసారైనా రాయాలి కదా. అందుకని సీ ప్లస్ ప్లస్‌లో దానికి మామూలు మెమరీలో సున్నాతో నింపిన చోటు ఇచ్చి, సాధారణంగా ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ ఫంక్షన్ నడవకముందే విలువ రాస్తారు. సీ భాషలో గ్లోబల్‌కి ఇలా రన్‌టైమ్ విలువ ఇవ్వనే ఇవ్వరు. "ఇనిషియలైజర్ ఎలిమెంట్ ఈజ్ నాట్ కాన్‌స్టెంట్" అన్న ఎర్రర్ అందుకే.

అపోహ: కాన్‌స్ట్ ఉంటే ఎర్రే (ఒకే రకం విలువల వరస) సైజుగా వాడొచ్చు.

సీ ప్లస్ ప్లస్‌లో 10 లాంటిదైతే వాడొచ్చు. రన్‌టైమ్‌ది అయితే భాష ప్రమాణం ఒప్పుకోదు. జీసీసీలోని సీ ప్లస్ ప్లస్ కంపైలర్ జీ ప్లస్ ప్లస్ ఊరుకుంటుంది, మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో ఊరుకోదు. విలువ కంపైల్ వేళకే తెలిసి తీరాలంటే 2011 ప్రమాణంతో వచ్చిన కాన్‌స్ట్‌ఎక్స్‌పీఆర్ వాడండి. తెలియకపోతే ఎర్రర్ అక్కడే వస్తుంది.

అపోహ: కాన్‌స్ట్ కాబట్టి ఎక్కడి నుంచి చదివినా ఒకే విలువ.

ఇది నన్ను బాగా ఏడిపించింది. ఒక ప్రాజెక్టులో బఫర్ సైజుని కాన్ఫిగ్ ఫైల్ నుంచి చదివి గ్లోబల్ కాన్‌స్ట్‌లో పెట్టాం. వేరే సోర్స్ ఫైల్లోని ఇంకో గ్లోబల్ దాన్ని వాడుకునేది. నా మెషీన్‌లో అంతా బాగుంది. సర్వర్‌లో సైజు సున్నా! రెండు రోజులు టెన్షన్. వేర్వేరు సోర్స్ ఫైళ్లలోని అలాంటి గ్లోబల్స్‌లో దేనికి ముందు విలువ రాయాలో భాష వరస చెప్పదు. అక్కడ ఫైళ్లని కలిపిన (లింక్ చేసిన) వరస వేరు, దాంతో మా కాన్‌స్ట్‌కి ఇంకా విలువ రాకముందే రెండోది చదివేసింది. చివరికి ఆ కాన్‌స్ట్‌ని ఒక ఫంక్షన్ లోపల స్టాటిక్‌గా (ఒక్కసారే విలువ పడి, చివరిదాకా నిలిచేలా) పెట్టి, ఆ ఫంక్షన్‌నే అందరూ పిలిచేలా మార్చాం. మొదటిసారి పిలిచినప్పుడు విలువ పడుతుంది. 2011 ప్రమాణం నుంచి రెండు థ్రెడ్లు (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి వచ్చినా ఒకటే రాస్తుంది, రెండోది ఆగుతుంది. ఆ తర్వాత సర్వర్‌లో సున్నా మళ్లీ కనిపించలేదు.