తాయెత్తు బిగుసుకుంటే

కడప నుంచి ఒకామె అడిగింది: "అన్నా, మా తమ్మునికి స్కిజోఫ్రీనియా. ఓలాంజపిన్ మింగబట్టి ఏడాది. చెవుల్లో మాటలు వినపడేది తగ్గింది గానీ ఒళ్లు ఊరికే పెరుగుతాంది. అప్పుట్లో దర్గాలో కట్టించిన తాయెత్తు దారం జబ్బలోకి దిగబడింది. మాత్రలు ఆపేద్దామా?"

ఆపొద్దు. ముందు ఆ మాట. తాయెత్తు మహిమ నాకు తెలీదు గానీ, కొలత టేపుగా మాత్రం అది నిజమే చెప్తోంది.

ఓలాంజపిన్ మెదడులో హిస్టమిన్ హెచ్1, సెరటోనిన్ 2సీ గ్రాహకాలకు, అంటే ఆ రసాయనాలు వచ్చి తగులుకునే తాళాలకు, అడ్డం పడుతుంది. ఇంత సంగటి తిన్నా కడుపు నిండిన కబురు సరిగ్గా అందదు. పిల్లోణ్ణి తిండిపోతు అనడం అన్యాయం.

నాకు ముచ్చటైన కథ ఇక్కడే మొదలవుతుంది. ఉబ్బిన కొవ్వు చుట్టూ మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు చేరతాయి. ఇంటర్‌ల్యూకిన్-6 అనే సెగ కబురు వదులుతాయి. అది అందుకుని కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్ తయారుచేస్తుంది. జ్వరం లేదు, పుండు లేదు, లోపల సెగ మాత్రం ఆరదు. ఇదే ఇన్‌ఫ్లమేషన్.

ఇప్పుడు కేసీ కెనాల్ తలుచుకోండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టుకుని కర్నూలు మీదుగా కడప దాకా వస్తుంది. పైన తూములెత్తితే చివరి ఆయకట్టు ఎండుతుంది. పప్పులో, గుడ్డులో, చెనక్కాయల్లో దొరికే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అలాంటి నీరే. మామూలుగానే ఎక్కువ భాగం కైన్యురెనిన్ అనే పదార్థంగా మారే వైపు పోతుంది, మనసు కుదురుకు పనికొచ్చే సెరటోనిన్‌కు దక్కేది కాస్త. సెగ పెరిగితే ఐడీఓ అనే ఎంజైమ్ ఇంకో తూమెత్తుతుంది. దాన్ని ఎత్తించే లస్కరు ముఖ్యంగా ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఇంకో రక్షణ కబురు. హెపటైటిస్-సి రోగులకు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా సూదులేసిన రోజుల్లో చాలామంది డిప్రెషన్‌లో పడింది ఊరికే కాదు.

మళ్లిన కైన్యురెనిన్ మెదడులోకి దూరుతుంది. అక్కడ ఆస్ట్రోసైట్లనే సహాయక కణాలు దాన్ని కైన్యురెనిక్ ఆమ్లం చేస్తాయి, అది నరకణాలు మాట్లాడుకునే ఎన్ఎండీఏ గ్రాహకాలను మూస్తుంది. మైక్రోగ్లియా అనే మెదడు కాపలా కణాల చేతిలో పడితే క్వినోలినిక్ ఆమ్లమై వాటినే రెచ్చగొడుతుంది. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల వెన్నుద్రవంలో కైన్యురెనిక్ ఆమ్లం ఎక్కువగా కనిపించింది. ఇక్కడ నా కాలువ పోలిక తెగింది: పక్క పొలానికి పారిన నీళ్లు తిరిగొచ్చి ఊళ్లో కొట్లాట పెట్టవు కదా!

తప్పంతా మాత్రల మీదికి తోయకండి. మొదటి మాత్ర మింగకముందే కొందరిలో చక్కెర లెక్క తేడాగా ఉంటుంది. పిచ్చి ఉన్న కుటుంబాల్లో మధుమేహం తరచూ కనిపిస్తుందని బ్రిటిష్ మానసిక వైద్యుడు హెన్రీ మాడ్‌స్లీ 1879లోనే రాశాడు. ఈ జబ్బుకు మొదటి మందు క్లోర్‌ప్రోమజిన్ వచ్చిందే 1952లో.

ఈ జబ్బున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారు, అందులో గుండెజబ్బుల వాటా పెద్దది. అందుకే అమ్మా, దర్జీ టేపు తీసుకుని, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన చుట్టి చూడు. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు. పరగడుపు షుగరు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) పరీక్షలు రాయించుకో. మాత్ర మార్చాలా, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర కలపాలా అన్నది డాక్టర్నే అడుగు. తాయెత్తు మాత్రం ఈ పూటే విప్పి, రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టు.