చివరి ఆయకట్టుకు నీరు: రూట్ కెనాల్‌ను కడిగే పద్ధతుల వెనుక నూరేళ్ల చరిత్ర

చిత్తూరు జిల్లా రైతుకు కెనాల్, ఇరిగేషన్ అనే రెండు మాటలు వినగానే చెరువు తూము, కాలువ గట్టు, మామిడి తోటలో పరిచిన డ్రిప్ పైపులు గుర్తుకొస్తాయి. అవే రెండు మాటలు తిరుపతిలోని పంటి డాక్టర్ల గదుల్లోనూ రోజూ వినిపిస్తుంటాయి. అక్కడ కాలువ అంటే పంటి వేరు నడుమ, నరమూ రక్తనాళాలూ సాగే సన్నని దారి. నీరు పారించడమంటే ఆ దారిని మందు ద్రావణంతో కడగడం. పోలిక ఈ మాటలతోనే ఆగిపోదు. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీరు దండిగా పారుతుండగా చివరి ఆయకట్టుకు చుక్క అందకపోవడం ఈ ప్రాంతంలో తరతరాల ఫిర్యాదు. రూట్ కెనాల్ చికిత్సలో వైద్యులను నూరేళ్లుగా వేధిస్తున్నదీ ఇంచుమించు అదే ఫిర్యాదు. ద్రావణం వేరు మొదట్లో బాగానే పారుతుంది, కొనకు చేరదు. పుండేమో కొన దగ్గరే ఉంటుంది.

సాదా సిరంజితో కడిగితే చాలా, అల్ట్రాసోనిక్ కంపనాలతో ద్రావణాన్ని కదిలించాలా, కొన నుంచి పైకి పీల్చాలా, లేజర్ వాడాలా అన్న చర్చ రేణిగుంట రోడ్డులోని సీకేఎస్ తేజ దంత వైద్య కళాశాల వంటి బోధనా సంస్థలకూ, చిత్తూరు బజారు వీధిలోని ఒంటి కుర్చీ క్లినిక్కుకూ ఒకేలా వర్తిస్తుంది. అయితే ఈ చర్చలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ఏ పద్ధతి కాలువను బాగా శుభ్రం చేస్తుందన్నది ఒకటి, ఏ పద్ధతిలో వేరు కొన దగ్గరి ఎముక బాగా మానుతుందన్నది మరొకటి. మొదటి ప్రశ్నకు జవాబులు కుప్పలుగా ఉన్నాయి, రెండోదానికి చాలా తక్కువ. ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

పుచ్చు లోతుగా దిగి పన్ను లోపలి గుజ్జు చచ్చిపోయినప్పుడు, ఆ ఖాళీలో పెరిగిన సూక్ష్మజీవుల ప్రభావంతో వేరు కొన చుట్టూ ఉన్న ఎముక కరిగిపోతుంది. ఎక్స్‌రేలో అక్కడ నల్లని మచ్చ కనిపిస్తుంది. ‘నరం తీసేశారు’ అని మనవాళ్లు చెప్పుకునే చికిత్సలో వైద్యుడు చేసే పని మూడు దశల్లో సాగుతుంది. ఫైలు అనే సన్నని ఆకురాయితో దారిని వెడల్పు చేస్తారు, ద్రావణంతో కడుగుతారు, గట్టా పెర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో మూసేస్తారు. వీటిలో మధ్యదాన్ని చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆకురాయి గీకేస్తే సరిపోతుందని, కడగడం ఆ పొడిని బయటికి తోయడానికేనని అనుకున్నారు.

ఆ నమ్మకాన్ని తొలిసారి గట్టిగా కదిలించినవాడు జ్యూరిచ్‌కు చెందిన వాల్టర్ హెస్. పీకేసిన పళ్లలోకి రబ్బరును ఎక్కించి గట్టిపరచి, పైనున్న పంటిని కరిగించి, లోపలి దారి అచ్చును ఆయన బయటికి తీశాడు. 1917లో జర్మన్‌లో, 1925లో ఇంగ్లిష్‌లో వెలువడిన ఆ చిత్రాలు చూసినవారికి పంటి కాలువ ఒక గొట్టం కాదని తేలిపోయింది. అది పిల్లకాలువలతో, అడ్డదారులతో, రెండు దారులను కలిపే సన్నని చీలికలతో నిండిన మాగాణి పటంలా ఉంది. ఎనభై ఏళ్ల తర్వాత, 2001లో, అదే జ్యూరిచ్‌లో సూక్ష్మ సీటీ యంత్రంతో పై దవడ దంతాలను చూసిన పీటర్స్ బృందం, ఏ రకం నికెల్-టైటానియం ఫైలు వాడినా కాలువ గోడల్లో 35% లేదా అంతకుమించిన భాగాన్ని లోహం తాకనేలేదని తేల్చింది. లోహం తాకని చోటికి ద్రావణమే వెళ్లాలి, వేరే దారి లేదు.

ఇక ఆ ద్రావణం పుట్టుక దంత వైద్యంలో జరిగింది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో బెర్తొలే బట్టలు తెల్లబరచడానికి క్లోరిన్ ద్రావణాన్ని తయారు చేశాడు. 1820లలో లబరాక్ అనే ఔషధ తయారీదారు, జంతువుల పేగులను శుద్ధి చేసే కార్ఖానాల్లోని దుర్గంధాన్ని పోగొట్టడానికి అటువంటి ద్రావణాన్నే వాడి, అది కుళ్లును ఆపుతుందని చూపించాడు. బట్టలుతికే మందు మనిషి గాయం దాకా రావడానికి మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం కావలసివచ్చింది.

1915లో ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త హెన్రీ డేకిన్ సుమారు 0.5% సోడియం హైపోక్లోరైట్ ద్రావణాన్ని, కణజాలాన్ని మరీ కాల్చకుండా సరిచేసి సిద్ధం చేశాడు. ఫ్రాన్స్‌లోని కాంపియేన్ సైనిక ఆసుపత్రిలో ఆయనతో కలిసి పనిచేసిన శస్త్రచికిత్సకుడు, అప్పటికే నోబెల్ బహుమతి పొందిన అలెక్సిస్ కారెల్, దాన్ని గాయం మీద ఊరికే పోసి వదల్లేదు. గాయం మూలమూలలకూ రంధ్రాలున్న రబ్బరు గొట్టాలు పరిచి, రెండేసి గంటలకొకసారి కొత్త ద్రావణం పారించే ఏర్పాటు చేశాడు. క్లోరిన్ శక్తి త్వరగా తరిగిపోతుంది కాబట్టి పాత నీరు నిలిచి ఉండటం వల్ల ప్రయోజనం లేదని ఇద్దరూ గ్రహించారు. మన డ్రిప్ పైపుల రైతు ఆ ఏర్పాటును చూసి ఉంటే వెంటనే పోల్చుకునేవాడు. వైద్య చరిత్రలో ఈ పద్ధతికి కారెల్-డేకిన్ అని ఇద్దరి పేర్లూ కలిపి పెట్టడం సబబుగానే ఉంది, ఎందుకంటే మందు ఒకరిది, పారించే విధానం మరొకరిది.

దంత వైద్యం ఆ జంటలో ఒకరినే ఇంటికి తెచ్చుకుంది. 1919లో కూలిడ్జ్ అనే దంత వైద్యుడు డేకిన్ ద్రావణాన్ని రూట్ కెనాల్‌లోకి ప్రవేశపెట్టాడు. 1941లో గ్రాస్‌మన్, మైమన్ చచ్చిన గుజ్జును కరిగించడంలో గాఢమైన క్లోరిన్ ద్రావణానికున్న శక్తిని పరిశీలించి చూపారు. కారెల్ గొట్టాల వెనుక ఉన్న ఆలోచన, అంటే మూలకు చేర్చడం, మార్చి మార్చి పోయడం, దంత వైద్యులకు మళ్లీ తట్టడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

ఈ జాప్యానికి ఒక కారణం ఉంది. 1910లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హంటర్ చేసిన ప్రసంగం, నోటిలోని చీము ఒంట్లోని అనేక రోగాలకు మూలమన్న వాదానికి ఊతమిచ్చింది. నరం తీసిన పంటిని నోట్లో ఉంచుకోవడమే ప్రమాదమన్న భయం వ్యాపించి, దశాబ్దాల పాటు లక్షల పళ్లు పెరికివేతకు గురయ్యాయి. పన్నే మిగలనప్పుడు దాన్ని ఎలా కడగాలన్న ప్రశ్నకు చోటెక్కడిది?

1965లో కాకేహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ చేసిన ప్రయోగం చర్చను దారికి తెచ్చింది. ఎలుకల పళ్లకు రంధ్రం చేసి గుజ్జును గాలికి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు చచ్చి వేరు కొనలో చీము పట్టింది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో గాయం తనంతట తానే పూడుకోసాగింది. 1976లో స్వీడన్‌లోని ఊమియోలో సుండ్‌క్విస్ట్ మనుషుల పళ్లలోనూ ఎముక కరిగిన చోటల్లా దాదాపుగా బ్యాక్టీరియా ఉందని చూపాడు. శత్రువు ఎవరో తెలిసిన తర్వాత అదే ఊళ్లో లెక్కలు మొదలయ్యాయి. బిస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ 1981లో సెలైన్‌తో కడిగి చూశారు. బ్యాక్టీరియా బాగా తగ్గింది గానీ చాలా పళ్లలో పోలేదు. 1983లో 0.5% హైపోక్లోరైట్ సెలైన్ కంటే మెరుగని తేలింది. 1985లో 0.5%కూ 5%కూ బ్యాక్టీరియాను చంపడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మందును ఘాటుగా వాడితేనే పని జరుగుతుందన్న వాడుక నమ్మకానికి ఈ ఫలితం నేటికీ ఇబ్బందికరమైన జవాబే.

ఘాటు ద్రావణంలో ప్రమాదమూ ఉంది. సూది కాలువలో బిగుసుకుపోయి ద్రావణం వేరు కొన దాటితే ముఖం వాచి, చర్మం కమిలి, భరించలేని నొప్పి వస్తుంది. 1974 నుంచీ వైద్య పత్రికల్లో ఇటువంటి కేసులు నమోదవుతున్నాయి. అందుకే సూది కొనకు బదులు పక్కన రంధ్రముండే సూదులు వచ్చాయి, కొనకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఇవతలే ఆపాలన్న నియమమూ వచ్చింది. భద్రత పెరిగింది, దాంతో పాటు పాత చిక్కూ తిరిగొచ్చింది. పక్కరంధ్రపు సూది నుంచి ద్రావణం మార్పిడి సూది కొనకు ఆవల మహా అయితే ఒక మిల్లీమీటరు దాకా జరుగుతుంది. పైగా వేరు కొన ఎముకలో మూసుకుని ఉంటుంది కాబట్టి, అక్కడ చిక్కుకున్న గాలి బుడగ ద్రావణాన్ని అడ్డుకుంటుందని 2010లో టే బృందం పరిశీలించి చూపింది.

ఆకురాయి గీకినప్పుడు గోడలకు అంటుకునే పొడి పూతను 1975లో మెక్‌కాంబ్, స్మిత్ వర్ణించారు. దాన్ని తీయడానికి 1957లోనే నైగార్డ్-ఓస్ట్‌బీ పరిచయం చేసిన ఈడీటీఏ అనే రసాయనం పనికొచ్చింది. బ్యాక్టీరియాను చంపే క్లోర్‌హెక్సిడిన్ అనే మందు కూడా వచ్చింది గానీ హైపోక్లోరైట్‌తో కలిస్తే గోధుమరంగు ముద్దగా గడ్డకడుతుంది.

కదిలించే పద్ధతుల కథ ఇక్కడి నుంచి ఊపందుకుంది. 1957లో రిచ్‌మన్ అల్ట్రాసోనిక్ పరికరాన్ని పంటి కాలువలోకి తెచ్చినా దాన్ని గోడ గీకడానికే ఉపయోగించారు. గీకకుండా, సన్నని తీగను ద్రావణం నడుమ సెకనుకు 25,000 నుంచి 30,000 సార్లు కంపింపజేస్తే చాలన్న ఆలోచన 1980లో వెల్లర్ బృందం రాసినదాకా స్పష్టపడలేదు. తీగ చుట్టూ పుట్టే సుడులే శుభ్రపరుస్తున్నాయని 1987లో అహ్మద్, పిట్ ఫోర్డ్, క్రమ్ వివరించారు. 2000 దశకం రెండో సగంలో పైనుంచి తోయడం మానేసి, కొన దగ్గర పెట్టిన సన్నని గొట్టంతో పీల్చి, ద్రావణాన్ని పైనుంచి దిగలాగే పద్ధతి వచ్చింది. తూము ఎత్తి నీరు వదలడానికీ, చివరి మడి దగ్గర మోటారు పెట్టి లాగడానికీ ఉన్న తేడా ఇది. ఆ తర్వాత లేజర్లు వచ్చాయి.

ఇవన్నీ సిరంజి కంటే బాగా కడుగుతాయని చెప్పే ప్రయోగశాల ఫలితాలు లెక్కలేనన్ని ఉన్నాయి. కడగడానికీ మానడానికీ సంబంధం లేదని కూడా అనలేం. 1997లో ఊమియోలోనే షోగ్రెన్ బృందం, కాలువను మూసే సమయానికి బ్యాక్టీరియా దొరకని పళ్లలో 94%, దొరికిన పళ్లలో 68% మానాయని ఐదేళ్ల పరిశీలనతో చూపింది. కానీ ఆ బలమైన గొలుసులో ఒక లంకె తక్కువగా ఉంది. కొత్త పరికరంతో కడిగినంత మాత్రాన ఎక్కువ పళ్లు మానతాయా?

ఆ లంకెను నేరుగా పరీక్షించిన వాటిలో 2013 నాటి చైనా అధ్యయనం ముఖ్యమైనది. లియాంగ్ బృందం ఒకే వేరున్న 105 పళ్లను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు సిరంజితో, మరొక గుంపుకు అల్ట్రాసోనిక్‌తో కడిగి, 10 నుంచి 19 నెలల తర్వాత త్రీడీ ఎక్స్‌రేతో చూసింది. పుండు పోయినవీ తగ్గినవీ కలిపి అల్ట్రాసోనిక్ గుంపులో 95.1%, సిరంజి గుంపులో 88.4%. గణాంకాల రీత్యా ఇది తేడాగా లెక్కకు రాదు. తేడా లేదని తేలినట్టు దీన్ని చదవకూడదు. ఇంత తక్కువ పళ్లతో ఆ కొద్దిపాటి తేడా నిజమో కాదో తేలదని మాత్రమే అర్థం. సాదా సిరంజే పదింట తొమ్మిదికి దగ్గరగా ఫలితమిస్తున్నప్పుడు మిగిలిన ఒక్కదాని కోసం పోటీపడే పరికరాలను కొలవడానికి వందల రోగులు కావాలి.

2011లో లండన్‌లోని ఈస్ట్‌మన్ సంస్థలో ఎన్జీ, మాన్, గులాబీవాలా నాలుగేళ్ల వరకూ రోగులను వెంబడించి చేసిన అధ్యయనం, తిరగజేసిన చికిత్సల్లో ఈడీటీఏ తోడైతే ఫలితం మెరుగైందనీ, క్లోర్‌హెక్సిడిన్ అదనంగా వాడిన చోట తగ్గిందనీ చెప్పింది. ప్రయోగశాలలో బ్యాక్టీరియాను దండిగా చంపే మందు నోట్లో అలా తేలడం గమనించదగ్గది. 2019లో హర్యానాలోని రోహ్‌తక్‌లో 1%, 5% హైపోక్లోరైట్‌లను కింది దవడ దంతాల్లో పోల్చితే ఏడాది తర్వాత మానడంలో గణనీయమైన తేడా లేదని తేలింది. నొప్పి విషయంలో మాత్రం పీల్చే పద్ధతికి మేలు ఉందని 2010లో ఒక పరిశీలన చూపింది. మరునాటి నొప్పి తగ్గడం వేరు, ఏడాదికి ఎముక నిండడం వేరు, ప్రకటనల్లో మాత్రం ఈ రెండూ ఒకే మాటగా కనిపిస్తాయి.

మన దేశంలోని దంత కళాశాలల నుంచి ఈ అంశంపై వచ్చే పరిశోధనా పత్రాల్లో ఎక్కువ భాగం పీకేసిన పళ్ల మీద చేసినవే. పీకిన పంటిని కడగవచ్చు, కోసి సూక్ష్మదర్శిని కింద చూడవచ్చు, కానీ అది మానదు. విద్యార్థులను తప్పుపట్టి లాభం లేదు. దంత వైద్యంలో పీజీ అయిన ఎండీఎస్ కోర్సు మూడేళ్లది, సిద్ధాంత వ్యాసం అంతకంటే ముందే సమర్పించాలి. వేరు కొన దగ్గరి ఎముక పూర్తిగా నిండడానికి ఒక్కోసారి నాలుగేళ్లు పడుతుంది కాబట్టి యూరప్ మార్గదర్శకాలు అంతకాలం వరకూ చూడమంటాయి. పుంగనూరు నుంచో పలమనేరు నుంచో బస్సెక్కి వచ్చి, క్యాప్ వేయించుకుని, నొప్పి తగ్గి వెళ్లిపోయిన రైతు ఏడాది తర్వాత ఒక్క ఎక్స్‌రే కోసం ఒక రోజు కూలి వదులుకుని మళ్లీ తిరుపతికి రావడం అరుదు. ఏ పద్ధతి మాన్పిందో చెప్పగల సాక్ష్యం ఆ రాని ఎక్స్‌రేలోనే ఉంది.