ఐదో తరగతి ఎక్కడ చదివారు? ఒడిశా సరిహద్దులో ఎంపిక బడుల చిక్కు

గజపతి జిల్లా పర్లాకిమిడి దాటితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇల్లు ఒడిశాలో, బడి ఆంధ్రాలో ఉన్న పిల్లలు ఈ ప్రాంతంలో కొత్త కాదు. అలాంటి పిల్లవాడు, కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టలు బడి నవోదయకు ప్రవేశ పరీక్ష రాద్దామంటే రెండు జిల్లాల్లోనూ అర్హత ఉండదు. ఏ జిల్లా నవోదయకు దరఖాస్తు చేస్తున్నారో ఆ జిల్లాలోనే నివాసం ఉండాలి, ఐదో తరగతీ ఆ జిల్లాలోనే చదువుతూ ఉండాలి అన్నది నిబంధన. గజపతి జిల్లాలో ఇల్లుంది, బడి లేదు. శ్రీకాకుళం జిల్లాలో బడి ఉంది, ఇల్లు లేదు. ఇంకో అవకాశం కోసం చూద్దామన్నా కుదరదు, ఈ పరీక్ష ఎవరైనా జీవితంలో ఒక్కసారే రాయాలి.

ప్రతిభ ఉన్న పిల్లల్ని ఏరి వేరే బడిలో పెట్టడం మంచిదా, అందరికీ ఒకే బడి మంచిదా అన్న వాదన పాతదే. సరిహద్దు తెలుగువాళ్లకు మాత్రం అది ముందు చిరునామా ప్రశ్నగా ఎదురవుతుంది, ప్రతిభ ప్రశ్న తర్వాత. ఎందుకలా అయిందో తెలియాలంటే ఇలా ఏరి చేర్చుకునే ఎంపిక బడులు ఎలా పుట్టాయో చూడాలి.

ఇంగ్లండులో 1944 చట్టం తర్వాత పదకొండేళ్ల వయసులో పరీక్ష పెట్టి, నెగ్గినవాళ్లను గ్రామర్ స్కూళ్లకూ మిగతావాళ్లను వేరే బడులకూ పంపారు. 1965 నుంచి ప్రభుత్వమే ఆ పద్ధతి వదిలించే పని మొదలుపెట్టింది. అయినా 163 గ్రామర్ స్కూళ్లు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి, వాదన కూడా మిగిలే ఉంది. మన దగ్గర 1964-66 కొఠారీ కమిషన్ ఇందుకు ఎదురు దారి చూపించింది: ఉమ్మడి బడి, ఏ పేటలో పిల్లలు ఆ పేట బడికే. 1968 జాతీయ విధానం ఆ మాటను ఒప్పుకుంది కూడా. ఆచరణలోకి మాత్రం రాలేదు.

ఈలోగా తెలుగునాట వేరే ప్రయోగం మొదలైంది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రభుత్వ గురుకుల పాఠశాల తెరిచారు. మరుసటి ఏడాది కోస్తాకు తాడికొండ, రాయలసీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. ప్రవేశ పరీక్ష పెట్టి పల్లె పిల్లల్ని ఎంపిక చేసి, ఉచితంగా బస, భోజనం, చదువు ఇవ్వడమే పద్ధతి. అప్పటి ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు. 1985లో ఆయనే కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. 1986 జాతీయ విద్యా విధానంలో జిల్లాకో నవోదయ అన్న ఆలోచన చోటు చేసుకుంది. మొదటి రెండు అప్పటికే 1985-86లో హర్యానా ఝజ్జర్‌లోనూ మహారాష్ట్ర అమరావతిలోనూ మొదలయ్యాయి. హిందీ తప్పనిసరి అన్న కారణంతో తమిళనాడు వద్దంది. 1990లో ఆచార్య రామమూర్తి కమిటీ ఈ ఎంపిక పద్ధతిని మళ్లీ పరిశీలించింది, కానీ బడులు ఆగలేదు.

సమర్థించేవాళ్ల మాట తేలికగా తీసిపారేయలేం. ఏజెన్సీ పల్లెలో సైన్సు టీచరే లేని చోట పుట్టిన పిల్లకు ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా హాస్టలు, ల్యాబు, లైబ్రరీ దొరకడం చిన్న విషయం కాదు. చిక్కు సంఖ్యలో ఉంది. నవోదయలో ఏటా ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. గజపతి జిల్లాలో 7 బ్లాకులు, అంటే బ్లాకుకు పదకొండు చిల్లర.

అదీ జల్లెడ పట్టాకే. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ అభ్యర్థులకు. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లె బడిలోనే చదవాలి. ఈ మూడేళ్లలో పట్టణ బడిలో ఒక్క రోజు పేరున్నా పట్టణ అభ్యర్థి కిందే లెక్క. గుణుపురంలో మేనమామ ఇంట్లో ఉంచి నాలుగో తరగతి చదివించి ఐదుకు ఊరికి తెచ్చుకున్న పిల్లకు ఈ కోటా పోతుంది, తల్లిదండ్రులకు ఆ సంగతి దరఖాస్తు నాటికి గానీ తెలియదు. ఫారంలో ఇంకో ఉచ్చు: గజపతి జిల్లాలో రాయగడ అనే బ్లాకు ఉంది, పక్కనే రాయగడ అనే జిల్లా ఉంది. జిల్లా, బ్లాకు గడులు నింపేటప్పుడు హెడ్మాస్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు పక్కన పెట్టుకుని చూసుకోవాలి.

ఇక భాష. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. మేధాశక్తి విభాగంలో 40 ప్రశ్నలు, 50 మార్కులు. అవన్నీ బొమ్మలే కాబట్టి భాషతో పని తక్కువ. గణితానికి 20 ప్రశ్నలు, 25 మార్కులు. భాషకు నాలుగు పేరాలు, ఒక్కోదానికి ఐదు ప్రశ్నలు, ఇంకో 25. అంటే సగం మార్కులు దాదాపు భాషకు అతీతం, సగం పూర్తిగా భాష మీదే. దరఖాస్తులో ఎంచుకున్న భాషలోనే ప్రశ్నపత్రం ఇస్తారు, పరీక్ష రోజు మార్చరు. ఇక్కడే ఎక్కువగా దెబ్బ తింటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు కదా అని తెలుగు పెడతారు. బడిలో చదివేది ఒడియా, పిల్లవాడికి తెలుగు గుణింతం కూడా కుదరలేదు. భిన్నాల లెక్క వచ్చినా ప్రశ్న చదవలేక ఆగిపోతాడు. పిల్లవాడు ఏ లిపిలో పేరా గడగడా చదవగలడో చూసి ఆ భాషే పెట్టాలి, ఇంటి భాష ఏదైనా సరే.

ఇంటి భాష బడిలోంచి ఎలా జారిందన్నది మరో చరిత్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లాయి, పర్లాకిమిడితో సహా. అక్కడ పంతులుగా పనిచేసి, వాడుక తెలుగు కోసం పోరాడి, సవరల పిల్లలకు సవర భాషలోనే బడి పెట్టిన గిడుగు రామమూర్తి ఆ మార్పు నచ్చక రాజమండ్రి వెళ్లిపోయారు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒక సూత్రం ఒప్పుకున్నారు: ప్రాథమిక బడి మొత్తంలో 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే ఆ భాషకు ఒక టీచరును వేయాలి. 1956లో రాజ్యాంగంలో, ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వీలు కల్పించాలనే 350ఏ అధికరణం చేరింది. హైస్కూలుకు 1961లో ఇంకో లెక్క కుదిరింది: చివరి నాలుగు తరగతుల్లో కలిపి 60 మంది, తరగతికి 15 మంది.

ఎంపిక బడులు ఈ లెక్క మీద పరోక్షంగా పడతాయి. సీటు వచ్చి వెళ్లే పిల్లలు ఇద్దరో ముగ్గురో, వాళ్ల వల్ల పెద్ద తేడా రాదు. పరీక్షకు కోచింగ్ ఒడియాలోనో ఇంగ్లిషులోనో ఉంటుందని మూడో తరగతిలోనే తెలుగు బడి మాన్పించేవాళ్ల వల్ల తేడా వస్తుంది. పదకొండు మంది ఉన్న తరగతిలో ఇద్దరు కదిలితే తొమ్మిది, పది గీత తప్పినట్టే. టీచరు పదవీ విరమణ చేశాక ఖాళీ నింపకపోవడానికి ఆఫీసులో ఆ అంకె చాలు. సీటు రాని మిగతా పిల్లలు అదే బడిలో తెలుగు పంతులు లేకుండా మిగులుతారు. ఎంపిక పద్ధతి ఎంత న్యాయంగా జరిగినా ఈ నష్టం ఎవరి లెక్కలోనూ రాయరు.

నవోదయ తర్వాత ఇంకా బడులు వచ్చాయి. కేంద్రం 2008లో బ్లాకుకో మోడల్ స్కూలు అంది. 2015లో తప్పుకుంది. ఒడిశా ఆ భారాన్ని తలకెత్తుకుని ఆదర్శ విద్యాలయాలు పెట్టింది, 2016లో మొదటి వంద. ఇంగ్లిషు మీడియం, సీబీఎస్ఈ, ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష, 80 సీట్లు. తెలుగు బడి నుంచి వచ్చే పిల్లకు ఒడియా, ఇంగ్లిషు రెండూ ఒకేసారి నెత్తిన పడతాయి. గిరిజన జనాభా సగానికి మించి, కనీసం 20 వేల గిరిజనులున్న బ్లాకుల్లో ఏకలవ్య బడులు, ఒక్కోదానిలో 480 మంది. సవర, కువి మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఇవే పెద్ద ఆసరా.

ప్రవేశానికి పరీక్ష పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. మొదటి తప్పుకు 25 వేల దాకా జరిమానా, తర్వాత ప్రతి తప్పుకూ 50 వేల దాకా. అదే చట్టం కేంద్రీయ, నవోదయ, సైనిక బడుల్ని ప్రత్యేక తరగతిగా విడదీసింది. పక్క వీధి ప్రైవేటు బడి చేస్తే నేరమయ్యేది సర్కారు మోడల్ బడి చేస్తే పథకమవుతుందని విమర్శకులు అంటారు. ఆ మాటలో పస ఉంది.

బడిలో చేరాక కూడా ఏరివేత ఆగదు. సీబీఎస్ఈ పదో తరగతిలో 2020 పరీక్షల నుంచి లెక్కలు రెండు రకాలు: స్టాండర్డ్, బేసిక్. పుస్తకం ఒకటే, పాఠం ఒకటే, ప్రశ్నపత్రం వేరు. బేసిక్ తీసుకుంటే పదకొండులో మామూలు లెక్కలు ఉండవన్నది మొదటి నియమం, తర్వాత సడలించారు. సడలింపు ఉన్నా ఆ ఏడాది సర్క్యులరు చూడకుండా, లెక్కల్లో వెనకబడ్డాడని పంతులు బేసిక్ రాయించేస్తే ప్లస్ టూలో ఎంపీసీ దగ్గర గొడవ మొదలవుతుంది. తొమ్మిదిలోనే హెడ్మాస్టరును అడిగి రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఎంపీసీ అయ్యాక చాలామంది విశాఖ వైపే చూస్తారు. అక్కడ రాజ్యాంగం 371డి అధికరణం కింద 1974లో వచ్చిన కాలేజీ ప్రవేశాల ఉత్తర్వు అడ్డం వస్తుంది. 85 శాతం సీట్లు స్థానికులకు. అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివితే స్థానికత వస్తుంది. ఇంటర్ రెండేళ్లు మాత్రమే ఆంధ్రాలో చదివితే చాలదు, తొమ్మిది నుంచీ అక్కడే ఉండాలి. అంటే ఎనిమిది పూర్తయ్యాక టీసీ తీసుకోవాలి. నవోదయ పిల్లలకైతే సరిగ్గా ఆ మలుపులోనే తొమ్మిదో తరగతి మైగ్రేషన్ వస్తుంది. తరగతిలో 30 శాతం మందిని ఏడాది పాటు హిందీ రాష్ట్రం నవోదయకు పంపుతారు. ఆ జాబితాలో పేరుందో లేదో తెలిశాకే టీసీ మాట ఎత్తడం నయం.